మౌస్ పక్కన పెట్టిన పన్నెండు వారాలు

మొదటి వారం

అచ్చు రంగంలో ఎనిమిదేళ్లు పనిచేశాను. పుస్తకాల అట్టలు, కరపత్రాలు, వార్షిక నివేదికలు నా చేతి మీదుగా వెళ్లాయి. అచ్చులో ఒక సుఖం ఉంది. ప్లేటు తయారైన తరువాత అక్షరం కదలదు, రంగు మారదు, ఏది ఎక్కడ పెట్టామో అది అక్కడే ఉంటుంది. ఇప్పుడు తెర మీది డిజైన్‌కు మారుతున్నాను. చూపు, వినికిడి, చేతి కదలిక, జ్ఞాపకం, ఏకాగ్రత మనిషి మనిషికీ వేరుగా ఉంటాయన్న ఎరుకతో, అందరికీ అందే డిజైన్‌నే వృత్తిగా చేసుకోవాలని నిశ్చయించుకుని, నేర్చుకోవడానికి ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాను. ఆ పని సాగిన తీరును ఈ డైరీలో రాసుకుంటున్నాను.

ప్రాజెక్టు చిన్నదే. ఒక కల్పిత ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ తీసుకునే పేజీ తయారు చేయాలి. విభాగం ఎంచుకోవడం, తేదీ ఎంచుకోవడం, సమయం ఎంచుకోవడం, వివరాలు నింపడం, ఖరారు చేయడం, అంతే. ఈ పేజీనే ఎందుకు ఎంచుకున్నానంటే, దీనిని వాడేవారిలో ఒంట్లో బాగాలేనివారే ఎక్కువ. పుట్టుకతోనే చూపు లేనివారు వస్తారు, నిన్ననే కంటి ఆపరేషన్ అయినవారు వస్తారు, పసిబిడ్డను ఒక చేత్తో ఎత్తుకుని మరో చేత్తో ఫోను పట్టుకున్నవారూ వస్తారు. శాశ్వతమైన వైకల్యం, తాత్కాలికమైన ఇబ్బంది, పరిస్థితి తెచ్చిన ఇబ్బంది అంటూ మైక్రోసాఫ్ట్ ఇన్‌క్లూజివ్ డిజైన్ పత్రాలు చేసిన విభజనలోని మూడు రకాలూ ఈ ఒక్క పేజీలోనే ఎదురవుతాయి.

ఈ వారమంతా చదువుతోనే గడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చెప్పుకోదగిన వైకల్యంతో జీవిస్తున్నవారు దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ డబ్ల్యూసీఏజీ పేరుతో యాక్సెసిబిలిటీ (అందరికీ అందేలా చేయడం) మార్గదర్శకాలను మొదట 1999లో వెలువరించింది. 2008లో 2.0, 2018లో 2.1, 2023 అక్టోబరులో 2.2 వచ్చాయి. పేజీలోని విషయాన్ని గ్రహించగలగాలి, పేజీని నడపగలగాలి, అది అర్థం కావాలి, ఏ సాధనంతో తెరిచినా చెదరకుండా నిలవాలి అన్నవి దాని నాలుగు మూలసూత్రాలు. 2.2లో మొత్తం 86 ప్రమాణాలు ఉన్నాయి. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అన్న మూడు స్థాయిల్లో, ఎక్కువ చట్టాలూ ఒప్పందాలూ కోరే డబుల్ ఏ స్థాయికి చేరాలంటే వాటిలో 55 పాటించాలి. ఆ 55నూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. రోజుకు ఒకటి చొప్పున సరిచూసుకుంటే రెండు నెలల్లో పని అయిపోతుందని లెక్క కట్టాను. ఆ కాగితాన్ని మళ్లీ చూడకుండానే మూడు వారాలు గడిచిపోతాయని అప్పుడు అనుకోలేదు.

రెండవ వారం

తెరల డిజైన్ గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటి రూపం గీశాను. తెల్లని నేపథ్యం, లేత బూడిద రంగు అక్షరాలు, పలుచని గీతలు, చుట్టూ బోలెడంత ఖాళీ. నా కంటికి చాలా బాగుంది. ఇక్కడ "నా కంటికి" అన్న మాటే అసలు చిక్కు అని రంగుల తేడాను కొలిచినప్పుడు తెలిసింది. నేను వాడిన #999999 బూడిద రంగుకు తెలుపు మీద వచ్చే కాంట్రాస్ట్ 2.85:1 మాత్రమే. మామూలు పరిమాణంలోని అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. #777777 తీసుకుంటే 4.48 వస్తుంది, అంటే వెంట్రుకవాసిలో తప్పుతుంది. #767676కు 4.54 వస్తుంది. ఈ రెండు బూడిద రంగులకూ మధ్య తేడాను ఎవరి కన్నూ పట్టలేదు. అయినా గీత ఎక్కడో ఒక చోట గీయాలి కదా. అంచు మీద నిలబడడం ఇష్టం లేక, 7:1 వచ్చే #595959 వైపు జరిగాను.

ఖాళీ ఉన్న తేదీలకు ఆకుపచ్చ చుక్క, నిండిపోయిన తేదీలకు ఎరుపు చుక్క పెట్టాను. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదని పుస్తక జ్ఞానంగా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ చుక్కలు పెట్టాను. క్రోమ్ డెవలపర్ సాధనాల్లో డ్యూటెరనోపియా అనే వర్ణాంధత ఉన్నవారి చూపును అనుకరించే సదుపాయం ఉంది. దానిలో పేజీని తెరిస్తే రెండు చుక్కలూ ఒకే బురద రంగులో కనిపించాయి. చుక్కలు తీసేసి "ఖాళీ ఉంది", "నిండింది" అని మాటల్లో రాశాను. రాసిన తరువాత చూస్తే, రంగులు బాగా తెలిసిన నాకు కూడా మునుపటికంటే త్వరగా అర్థమైంది.

మూడవ వారం

చిత్రంగా గీసిన పేజీని వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎమ్ఎల్‌లో నేనే రాసుకున్నాను. తరువాత మౌస్ తీసి సొరుగులో పెట్టాను. ఈ ప్రాజెక్టు పూర్తయ్యేవరకు ఈ పేజీని కీబోర్డుతో మాత్రమే నడపాలని నియమం పెట్టుకున్నాను.

మొదటి పది నిమిషాల్లోనే దారి తప్పాను. ట్యాబ్ కీ నొక్కుతున్నాను, ఏదో కదులుతోంది, ఎక్కడ ఉన్నానో తెలియడం లేదు. కారణం నేనే. ఎంపికలో ఉన్న బటన్ చుట్టూ బ్రౌజర్ తనంతట తాను గీసే ఫోకస్ గీత నా పలుచని గీతల అందాన్ని చెడగొడుతోందని, స్టైల్ ఫైలులో ఒకే ఒక్క వరుసతో దానిని తీసేశాను. పటంలో "మీరు ఇక్కడ ఉన్నారు" అన్న గుర్తును చెరిపేసి పటం శుభ్రంగా ఉందని మురిసిపోవడం వంటిది ఆ పని. గీతను వెనక్కి తెచ్చి, మూడు పిక్సెళ్ల మందంతో, పక్క రంగుతో 3:1కి తగ్గని తేడాతో నేనే కొత్తగా గీశాను.

గీత వచ్చాక లెక్కపెట్టాను. పేజీ తెరిచింది మొదలు మొదటి ఖాళీ తేదీని చేరేవరకు ట్యాబ్ 47 సార్లు నొక్కవలసి వచ్చింది. పైన మెనూలో లింకులు, తరువాత విభాగాల కార్డులు (ఒక్కో కార్డులో బొమ్మకు ఒక లింకు, పేరుకు ఒక లింకు, "ఇంకా చదవండి"కి ఇంకో లింకు), ఆ తరువాత క్యాలెండర్‌లో గడిచిపోయిన తేదీలు కూడా ఒక్కొక్కటిగా ఆగుతూ వచ్చాయి. మౌస్ వాడేవారికి ఆ దూరం ఒక్క కదలిక. "ముఖ్య విషయానికి వెళ్లండి" అన్న లింకును పేజీ మొదట్లో చేర్చి, కార్డుకు ఒకే లింకు ఉంచి, గడిచిన తేదీలను దారిలోంచి తప్పించాక 47 కాస్తా 9కి వచ్చింది.

నాలుగవ వారం

ఎన్‌వీడీఏ నేర్చుకోవడం మొదలుపెట్టాను. విండోస్ మీద ఉచితంగా దొరికే ఈ స్క్రీన్ రీడర్‌ను (తెర మీది విషయాన్ని చదివి వినిపించే సాధనాన్ని) 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టారు, జేమ్స్ టే ఆయనతో చేరారు. ఇద్దరూ చూపు లేనివారే. హెచ్ నొక్కితే తరువాతి శీర్షికకు, బీ నొక్కితే తరువాతి బటన్‌కు, ఎఫ్ నొక్కితే తరువాతి ఫారం గడికి పోతుంది. ఇన్సర్ట్‌తోపాటు ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులూ శీర్షికలూ జాబితాగా వస్తాయి. వాడేవారు పేజీని పై నుంచి కింది వరకు వరుసగా వింటారని అనుకునేవాడిని. అది పొరపాటు. మనం కన్నుతో ఎలా దాటవేస్తామో, వారు కీలతో అలాగే దాటవేస్తారు. నేను పెద్ద అక్షరాలతో బొద్దుగా రాసి శీర్షికలా కనిపించేలా చేసినవేవీ శీర్షికలుగా గుర్తు పెట్టలేదు గనుక, హెచ్ నొక్కిన ప్రతిసారీ "తరువాతి శీర్షిక లేదు" అన్న జవాబే వచ్చింది.

అంతకంటే ముందే ఒక విచిత్రం జరిగింది. పేజీ అంతా తెలుగులో ఉంది, కానీ యంత్రంలోని ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను మింగేసి మధ్యమధ్య వచ్చిన అంకెలను మాత్రం పలికింది. ఎక్కడో దొరికిన మూసను వాడుకున్నందువల్ల పేజీ భాష ఇంగ్లీషు అని మొదటి వరుసలోనే రాసి ఉంది. భాషను తెలుగుగా మార్చి, ఎన్‌వీడీఏతోపాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ గొంతుకు మారాక పేజీ నోరు విప్పింది. ఆ గొంతు కాస్త కర్కశంగా ఉంటుంది, అలవాటైతే మాత్రం చాలా వేగంగా వినవచ్చు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తుంది. అందులో పదే పదే కనిపించే ఆరు లోపాల్లో భాష చెప్పకపోవడం ఒకటి. తక్కువ కాంట్రాస్ట్, బొమ్మలకు వివరణ లేకపోవడం, ఫారం గడులకు పేర్లు లేకపోవడం, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు మిగతా ఐదు. రెండవ వారంలో సరిచేసిన కాంట్రాస్ట్‌నూ, తప్పుగా రాసిన భాషనూ కలుపుకుంటే ఆ ఆరింటిలో ఐదు నా పేజీలో చోటు చేసుకున్నాయి. ఒక్క ఖాళీ లింకులు మాత్రమే లేవు.

ఆ సాయంత్రం తెర ఆపేసి, చెవితో మాత్రమే నా పేజీలో అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి ప్రయత్నించాను. ఇరవై నిమిషాల తరువాత కూడా తేదీ దగ్గరే ఉన్నాను. "పద్నాలుగు, బటన్. పదిహేను, బటన్. పదహారు, బటన్." ఏ నెల? ఏ వారం? ఖాళీ ఉందా, లేదా? తెర మీద నెల పేరు పైన ఉంది, వారం పేరు నిలువు వరుస తలమీద ఉంది, ఖాళీ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. కన్ను ఈ మూడింటినీ ఒక్క చూపులో కలుపుకుంటుంది. చెవికి మాత్రం కలిపి ఇవ్వవలసింది నేనే.

ఇప్పటివరకు నేను గీసినది బొమ్మ మాత్రమేనని, పేర్లూ వరుసా ఇంకా డిజైన్ చేయనే లేదని అప్పుడు తెలిసింది.

ఐదవ, ఆరవ వారాలు

రెండు వారాలూ క్యాలెండర్‌కే పోయాయి. పేజీలోని ఏ భాగం ఏమిటో స్క్రీన్ రీడర్ వంటి సాధనాలకు చెప్పే కోడ్ లక్షణాలను ఏరియా (ARIA) అంటారు. డబ్ల్యూ3సీ ప్రచురించే ఏరియా రచనా మార్గదర్శిలో తేదీ పట్టిక ఎలా నడవాలో వివరంగా ఉంది. బాణం కీలతో రోజు రోజుకూ, పేజ్ అప్, పేజ్ డౌన్ కీలతో నెల నెలకూ, హోమ్, ఎండ్ కీలతో వారం మొదటికీ చివరికీ పోవాలి. పట్టిక మొత్తానికి ట్యాబ్ ఒక్కసారే ఆగాలి. తొమ్మిది రోజులు కూర్చుని దానిని అక్షరాలా అమలు చేశాను. ప్రతి తేదీకీ "పద్నాలుగు, బుధవారం, ఖాళీ ఉంది" అని పూర్తి పేరు పెట్టాను. నెల మారినప్పుడు కొత్త నెల పేరు వినిపించేలా ప్రకటన చేర్చాను. యాక్సెసిబిలిటీ లోపాలను యంత్రమే వెతికే యాక్స్ సాధనంతో పరీక్షిస్తే ఒక్క లోపమూ చూపలేదు. పేజీకి మార్కులు వేసే మరో సాధనం లైట్‌హౌస్ 100కి 100 ఇచ్చింది. ఆ తెర ఫొటో తీసి దాచుకున్నాను. దాచుకున్నందుకు తరువాత మంచి ఉపయోగమే కలిగింది, ఆ సంగతి వచ్చే వారంలో ఉంది.

పుట్టిన తేదీకి కూడా ఇదే క్యాలెండర్ పెట్టాను. నెలకు ఒక నొక్కు చొప్పున వెనక్కి వెళితే, యాభై ఏళ్ల మనిషి తన పుట్టిన నెలను చేరడానికి 600 సార్లు నొక్కాలి. ఈ లెక్క వేసుకున్న క్షణంలోనే దానిని తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులు పెట్టి, మూడింటికీ కలిపి "పుట్టిన తేదీ" అని ఒక శీర్షిక ఇచ్చాను. పుట్టిన తేదీ ఎవరికైనా నోటికి వచ్చినదే, దానిని వెతికించడంలో అర్థం లేదు.

ఏడవ వారం

మొదటి పరీక్ష. వైకల్యం ఉన్నవారి సంఘం ఒకటి నలుగురిని పరిచయం చేసింది. స్క్రీన్ రీడర్ వాడే ఒక ఉపాధ్యాయిని, తెరను నాలుగు రెట్లు పెద్దది చేసుకుని చదివే ఒక గుమాస్తా, చేతులు వణికే ఒక విశ్రాంత ఇంజనీరు, వినికిడి లేని ఒక యువకుడు. నలుగురికీ వారి సమయానికి తగిన పారితోషికం ముందే మాట్లాడుకున్నాను. మొదటి ఇద్దరు ఈ వారం వచ్చారు, మిగిలిన ఇద్దరు తొమ్మిదవ వారంలో వస్తామన్నారు.

ఉపాధ్యాయిని తన ల్యాప్‌టాప్‌నే తెచ్చుకున్నారు. ఆవిడ వాడే వేగంలో ఆ గొంతు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. విభాగం ఎంపిక ఒక నిమిషంలో అయిపోయింది. క్యాలెండర్ దగ్గర ఆగారు. ట్యాబ్ నొక్కారు, ఒక తేదీ వినిపించింది. మళ్లీ ట్యాబ్ నొక్కారు, పట్టిక దాటి బయటికి వచ్చేశారు. వెనక్కి వెళ్లారు, మళ్లీ బయటికి వచ్చారు. మూడోసారి నా వైపు తిరిగి అడిగారు.

"ఇందులో ఒక్క తేదీయే ఉందాండీ?"

"లేదండీ, నెలంతా ఉంది. బాణం కీలు వాడాలి."

"అది మీకు తెలుసు. నాకెవరు చెప్పారు?" అని నవ్వి, బాణం కీలతో నాలుగైదు రోజులు ముందుకు వెళ్లి, "నిండింది, నిండింది, నిండింది" అని విని ఆగిపోయారు. "అయినా నాకు నెలంతా ఎందుకండీ? దగ్గర్లో ఖాళీ ఎప్పుడుందో చెబితే చాలు కదా."

తొమ్మిది రోజుల పనికి ఆ ఒక్క ప్రశ్నతో కాళ్లు విరిగాయి. క్యాలెండర్‌ను ఎలా చదివించాలా అని నేను తల బద్దలు కొట్టుకున్నాను. క్యాలెండర్ అసలు అవసరమా అని ఒక్కసారి కూడా అడగలేదు. వైద్యుణ్ణి కలవాలనుకునేవారిలో ఎక్కువమందికి కావలసినది అన్నింటికంటే ముందు దొరికే సమయమే. ఆ వారాంతంలో పట్టికనంతా తొలగించి, ఖాళీ ఉన్న మొదటి ఐదు తేదీలను రేడియో బటన్లుగా (ఒక్కటే ఎంచుకోగలిగే జాబితాగా), కింద "ఇంకా తేదీలు చూపండి" అన్న ఒక బటన్‌తో పెట్టాను. ఫలానా రోజే కావాలనుకునేవారికి తేదీ రాసుకునే గడి విడిగా ఉంచాను. కొత్త రూపానికి ప్రత్యేకమైన ఏరియా లక్షణం ఒక్కటీ అవసరం కాలేదు. హెచ్‌టీఎమ్ఎల్‌లో దానికి సరిపోయే మూలకం ఉన్నప్పుడు దానినే వాడండి అన్నది ఏరియాకు సంబంధించిన మొదటి నియమం. నేను దానిని మొదటి వారంలోనే చదివి, నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

లైట్‌హౌస్ 100 మార్కుల ఫొటోను ఇప్పుడు నా పోర్ట్‌ఫోలియోలో ఆ సంభాషణ పక్కనే పెట్టాను. బటన్‌కు పేరు ఉందా లేదా అన్నది యంత్రం చెప్పగలదు, ఆ బటన్ అక్కడ ఉండవలసిన అవసరం ఉందా అన్నది చెప్పలేదు.

గుమాస్తా గారి పరీక్షలో తెలిసింది ఇంకొకటి. ఆయన తెరను 400 శాతానికి పెంచుకుని, ముఖాన్ని దాదాపు ఆనించి చదువుతారు. అంత పెంచితే 1280 పిక్సెళ్ల వెడల్పు ఉన్న తెర 320 పిక్సెళ్ల తెరలా ప్రవర్తిస్తుంది, అంటే చిన్న ఫోను అంత. అడ్డంగా జరపకుండానే అన్నీ చదవగలిగేలా పేజీ తనను తాను సర్దుకోవాలని ప్రమాణం. నా పేజీ సర్దుకుంది కూడా. కానీ సమయం ఎంచుకోగానే కుడివైపు పై మూలలో "సమయం కేటాయించాం" అన్న చిన్న పెట్టె వచ్చి నాలుగు సెకన్లలో మాయమైంది. ఆయన అప్పుడు పేజీ కింది భాగంలో ఉన్నారు. "నొక్కాను, ఏమీ కాలేదే?" అని మళ్లీ నొక్కారు. రెండో నొక్కుతో ఎంపిక రద్దయింది. ఇప్పుడు ఆ సందేశం నొక్కిన బటన్ కిందనే వస్తుంది, తరువాతి అడుగు వేసేవరకు కదలదు, స్క్రీన్ రీడర్‌కు కూడా వినిపిస్తుంది.

ఎనిమిదవ వారం

తెలుగు లిపి గురించి. అచ్చులో ఇన్నేళ్లు తెలుగు అక్షరాలతోనే బతికినవాడిని, ఇందులో పొరబడతానని అనుకోలేదు.

నేను వాడుకున్న మూసలో వరుస ఎత్తు అక్షరం పరిమాణానికి 1.2 రెట్లు ఉంది. లాటిన్ లిపికి అది ఎలాగో సరిపోతుంది. తెలుగులో అక్షరం కిందికి వత్తులు దిగుతాయి, కొన్నిచోట్ల ఒకదాని కింద ఒకటి. విభాగాల కార్డుల మీద "శస్త్రచికిత్స" అన్న మాటలో స్త్ర కింది వత్తుల అడుగు భాగం పెట్టె అంచుకు తెగిపోయింది. మామూలు పరిమాణంలో ఆ తెగిన సంగతి కనిపించదు, కన్ను పూరించుకుంటుంది. 200 శాతానికి పెంచి చూస్తే "శస" తరువాత ఏముందో పోల్చుకోవడం కష్టమైంది. చూపు తక్కువ ఉన్నవారిలో చాలామందికి పెద్దది చేసుకోవడమే ముఖ్యమైన మార్గం, ఆ మార్గంలోనే నేను మాటను విరిచాను. వరుస ఎత్తును 1.7కు పెంచి, పెట్టెలకు ఎత్తు నిర్ణయించడం మానేశాను. లోపలి మాట ఎంత ఉంటే పెట్టె అంత పెరుగుతుంది. బటన్ల వెడల్పు విషయంలోనూ అదే చేశాను. బటన్ మీది మాట పట్టకపోతే చివర మూడు చుక్కలు పెట్టి కత్తిరించడం మాకు అచ్చులో కూడా తప్పే. తెర మీద ఎందుకు ఒప్పుకున్నానో తెలియదు.

అక్షరాల ఎంపిక కూడా మార్చాను. పలుచని, గుండ్రని ఫాంటు తీసేసి గీత మందంగా ఉన్నది తెచ్చాను. "ధ"కూ "థ"కూ, "ప"కూ "వ"కూ తేడా చిన్న పరిమాణంలో నిలబడుతుందా లేదా అన్నదే ఎంపికకు కొలమానంగా పెట్టుకున్నాను.

తొమ్మిదవ వారం

విశ్రాంత ఇంజనీరు గారు, యువకుడు వచ్చారు.

ఇంజనీరు గారికి చేతులు వణుకుతాయి, ముఖ్యంగా సూక్ష్మమైన పని చేయబోయేటప్పుడు. డబ్ల్యూసీఏజీ 2.2 డబుల్ ఏ స్థాయిలో నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చతురస్రం ఉండాలి, ట్రిపుల్ ఏ స్థాయిలో 44. నా సమయం బటన్లు 28 ఎత్తు, వాటి మధ్య రెండు పిక్సెళ్ల సందు. నియమం ప్రకారం సరిపోయింది, ఆయన వేలికి సరిపోలేదు. పదిన్నర నొక్కబోతే పదకొండు పడింది, మళ్లీ నొక్కితే పది పడింది. ఈలోగా నేను పెట్టిన ఐదు నిమిషాల గడువు ముగిసి, పేజీ ఆయన నింపినవన్నీ చెరిపేసి మొదటికి తీసుకుపోయింది. "నా తప్పేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. తప్పు నూటికి నూరు పాళ్లూ నాది.

బటన్లను 48కి పెంచి మధ్యలో ఎనిమిది పిక్సెళ్ల సందు ఇచ్చాను. గడువు ముగియడానికి ముందు హెచ్చరిక వస్తుంది. పొడిగించడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, కనీసం పది సార్లు పొడిగించుకోనివ్వాలని ప్రమాణం చెబుతుంది. నేను రెండు నిమిషాలు ఇచ్చాను. గడువు దాటినా పోయేది కేటాయించిన సమయం మాత్రమే. పేరు, పుట్టిన తేదీ, రాసిన ప్రతి అక్షరమూ అలాగే ఉంటాయి.

తప్పు సందేశాలు కూడా ఈ పరీక్షలోనే మారాయి. "చెల్లని విలువ" అన్నది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే మాట. ఇప్పుడు "నెల గడిలో 14 అని ఉంది. 1 నుంచి 12 లోపు అంకె రాయండి" అని వస్తుంది. ఫారం పైన తప్పులన్నీ ఒకచోట లింకులుగా కనిపిస్తాయి, ఫోకస్ నేరుగా అక్కడికి వెళుతుంది, లింకు నొక్కితే ఆ గడికి చేరుస్తుంది.

యువకుడు పేజీని మూడు నిమిషాల్లో ముగించాడు. అన్నీ బాగున్నాయనుకుంటుండగా చివరి తెర మీది ఒక వాక్యాన్ని వేలితో చూపించాడు: "మా సిబ్బంది మీకు ఫోను చేసి ఖరారు చేస్తారు." నా వైపు చూసి, కాగితం మీద "నేను ఎత్తి ఏం చేయాలి?" అని రాశాడు. కాంట్రాస్ట్, ఫోకస్, పేర్లు, వరుస అన్నీ సరిగా ఉన్న పేజీ అతనికి అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు. లోపం తెర మీద లేదు, తెర వెనుక ఉన్న పని పద్ధతిలో ఉంది. ఖరారు ఎలా తెలియజేయాలో ఎంచుకునే ప్రశ్నను ఫారంలో చేర్చాను: సందేశం, ఈమెయిల్, ఫోను. గోడ మీది 55 అంశాల కాగితంలో ఇది ఎక్కడా లేదు.

పదవ వారం

ఉద్యోగానికి ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. తుది తెరలు మాత్రమే చూపమన్నారు. నేను తెరల పక్కన గీసిన గుర్తులు కూడా చూపాను: ఫోకస్ ఏ క్రమంలో కదలాలో అంకెలు, ఏది ఎన్నో స్థాయి శీర్షిక, బొమ్మ అలంకారమా సమాచారమా, ప్రతి బటన్‌కూ చెవికి వినిపించే పేరు, తప్పు వచ్చినప్పుడు గడి ఎలా మారుతుంది అన్నవి. "ఇదంతా డెవలపర్ల పని కదా" అన్నారు. చివరగా, పేజీలో ఒక్క వరుస కోడ్ చేరిస్తే యాక్సెసిబిలిటీ అంతా వచ్చేసే విడ్జెట్ ఒకటి తాము కొన్నామని కూడా చెప్పారు. పేజీ తెరిచి చూస్తే ఫారం గడులకు పేర్లు లేవు, విడ్జెట్ బటన్ మాత్రం ఉంది. ఆ ఉద్యోగం రాలేదు.

ఆ గుర్తులు గీయడం డిజైనర్ పనేనని నా అభిప్రాయం. వరుస నేను చెప్పకపోతే డెవలపర్ ఊహించవలసి వస్తుంది, ఊహలో తప్పు జరిగితే దానిని పట్టుకోవడానికి నా దగ్గర కాగితం ఉండదు.

పదకొండవ వారం

ఉపాధ్యాయిని మళ్లీ వచ్చారు. విభాగం నుంచి ఖరారు వరకు నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. తేదీల దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముగించాక, "ఈసారి మీ పేజీ గురించి ఆలోచించలేదండీ, నా మోకాలి గురించే ఆలోచించాను" అన్నారు. ఆ మాట డైరీలో రాసుకుంటున్నాను గానీ పోర్ట్‌ఫోలియోలో పెట్టను, పెడితే పొగడ్తలా ఉంటుంది.

మిగిలిన రోజుల్లో కదలికలు తగ్గించమని యంత్రం అమరికల్లో కోరుకున్నవారికి పేజీలోని జారుడు ప్రభావాలు ఆగిపోయేలా చేశాను. లాగిన్‌లో వంకర అక్షరాల పజిల్ తీసేసి, పాస్‌వర్డ్ గడిలో అతికించడానికి అనుమతి ఇచ్చాను. గుర్తుపెట్టుకుని తిరిగి రాయడం, పజిల్ విప్పడం తప్ప వేరే దారి లేకుండా చేయకూడదని 2.2 కొత్తగా చేర్చిన ప్రమాణం.

పన్నెండవ వారం

ముగిద్దామనుకున్న రోజున గొంతుతో ఆదేశాలిచ్చి పేజీని నడిపే పద్ధతిని పరీక్షించాను. "ఖరారు చేయండి నొక్కు" అన్నాను. ఏమీ జరగలేదు. మూడుసార్లు అన్నాను. ఉచ్చారణ లోపమేమోననుకున్నాను. కారణం వెతికితే నాలుగవ వారంలో నేను చూపిన అత్యుత్సాహం బయటపడింది. పేర్లు లేవని తెలిసిన ఆవేశంలో, అప్పటికే తన మీద మాట ఉన్న బటన్‌కు కూడా ఏరియా లేబుల్‌తో "అపాయింట్‌మెంట్ వివరాల సమర్పణ" అని మరో పేరు తగిలించాను. తెర మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు. కంటికి కనిపించే మాట లోపలి పేరులో ఉండి తీరాలని 2.1లోనే ప్రమాణం ఉంది.

పేజీ అంతా గాలిస్తే అలాంటివి పద్నాలుగు దొరికాయి. పదకొండింటికి తగిలించిన పేరును పూర్తిగా తీసేస్తే సరిపోయింది. మూడింటిని మాత్రం ఉంచవలసి వచ్చింది, ఎందుకంటే "మార్చండి" అన్న బటన్లు మూడు ఉన్నాయి: ఒకటి తేదీకి, ఒకటి సమయానికి, ఒకటి వివరాలకు. వాటి లోపలి పేర్లను "మార్చండి: తేదీ", "మార్చండి: సమయం", "మార్చండి: వివరాలు" అని కనిపించే మాటతోనే మొదలయ్యేలా తిరిగి రాశాను. అదే ఆదేశాన్ని మళ్లీ ఇచ్చాను, ఈసారి బటన్ పలికింది. విండోస్ హై కాంట్రాస్ట్ రీతిలో పేజీని ఇంకా తెరవలేదు. వచ్చే సోమవారం ఆ పని, అది అయ్యేవరకు మౌస్ సొరుగులోనే ఉంటుంది.